అక్వేరియం అంగట్లో పని: చేపల గురించి తెలిసినందుకు జీతం ఎంత అడగొచ్చు?

ట్యాంకు_పిచ్చోడు (తిరుపతి):

అన్నలకీ అక్కలకీ నమస్తే. తిరుపతిలో ఒక చిన్న అక్వేరియం అంగట్లో పని చేస్తా ఉండా. అంగడి పేరు మాత్రం అడగొద్దండి, ఈ ఊర్లో ఎవురికి ఎవురు తెలుసో చెప్పలేం. డిగ్రీ అయినాక ఇంకో ఉద్యోగం వచ్చేదాకా అని చేరినా, చూస్తా చూస్తా ఆరేళ్ళు దాటిపోయింది. చేరినప్పుడు 8,000, ఇప్పుడు 14,000. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదికి దించుతాం, ఆదివారం ఇంకా లేటు, సెలవంటే మంగళవారం మధ్యాహ్నం నించి, అంతే.

పేరుకి సేల్స్‌మన్. నేను చేసే పని చెప్తా, అది సేల్స్‌మన్ పనేనా కాదా మీరే చెప్పండి. కొళత్తూరు నించి లోడు వస్తాది (చెన్నైలో, మా పక్క అంగళ్ళకి రంగు చేపలు వచ్చేది ఆడి నించే), కవర్లలో ఆక్సిజన్ పట్టి కట్టి పంపిస్తారు, మా కాడికి వచ్చేసరికి గంటలు గంటలు పడతాది. అంతసేపూ చేప ఆ కవర్లోనే ఉంటాది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ నిండి నీళ్ళ పీహెచ్ పడిపోతాది (అంటే నీళ్ళు ఆమ్లంగా మారతాయి), చేప వదిలే అమ్మోనియా కూడా ఆ నీళ్ళలోనే చేరతా ఉంటాది గానీ పీహెచ్ తక్కువ ఉన్నంతసేపూ అది పెద్దగా కీడు చెయ్యదు. కవరు విప్పి, గాలి తగిలించి, మగ్గుతో మా బోరు నీళ్ళు కొంచెం కొంచెం పోస్తా కూర్చుంటే పీహెచ్ ఎక్కేస్తాది, అదే అమ్మోనియా అప్పుడు విషం అయిపోతాది. మా ఓనర్ ముందు అట్లనే పోసేవాడు, మంచికే అనుకొని, పొద్దున వచ్చి చూస్తే పైన తేలి ఉండేవి. ఇప్పుడు నేను కవరు మూసే ఉంచి ట్యాంకులో తేల్చి, వేడి సమం అయినాక విప్పి, చేపని వలతో ఎత్తి లోపల వేసేసి ఆ కవరు నీళ్ళు కాలవలో పారబోస్తా. కొత్త లోడుని షో ట్యాంకుల్లో కలపకుండా వెనక విడిగా పెడతా, వైట్ స్పాట్ (తెల్ల మచ్చల రోగం) కనిపిస్తే ఆడనే పట్టేస్తా. చచ్చేవి సగానికి సగం తగ్గినాయి. ఇది ఓనర్‌కి కూడా తెలుసు, కానీ "ఈ మధ్య మంచి మాల్ పంపిస్తా ఉండారు కొళత్తూరోళ్ళు" అంటాడు!

ఇంగ కస్టమర్లు. "ఆ అబ్బాయి ఉండాడా" అని ఫోన్ చేసుకొని వచ్చేవాళ్ళు శానా మంది. శ్రీకాళహస్తి నించి, పుత్తూరు నించి కూడా వస్తారు. ట్యాంకు కొన్న రోజే చేపలు వెయ్యొద్దు, ఫిల్టర్లో బ్యాక్టీరియా తయారవ్వాల, అమ్మోనియాని నైట్రైట్ చేసి దాన్ని నైట్రేట్ చేసే బ్యాక్టీరియా, దానికి నాలుగు నించి ఆరు వారాలు పడతాది అని చెప్తా. చెప్పిన ప్రతిసారీ ఓనర్ మొహం మాడిపోతాది, ఆ రోజే ట్యాంకు, చేపలు, మేత అన్నీ బిల్లు అయిపోతే ఆయనకి సంతోషం. నేను చెప్పినోళ్ళు మాత్రం మళ్ళీ మా అంగడికే వస్తారు, ఆ రోజే చేపలు పట్టుకొని పోయి చంపుకున్నోళ్ళు మళ్ళీ ఈ పక్కకి రారు, ట్యాంకు మేడ మీద పెట్టేసి ఉంటారు.

మొన్న జీతం అడిగితే "ఆన్‌లైన్ వచ్చినాక మార్జిన్ యాడుందిరా, పదివేలకి ఇంకో పిల్లోడు వస్తాడు" అన్నాడు. మా పిన్ని కొడుకు శ్రీసిటీలో ఫ్యాక్టరీలో, ఓవర్‌టైమ్‌తో కలిపి నాకంటే బాగానే తెచ్చుకుంటాడు, ఇంకో ఫ్రెండ్ సెల్‌ఫోన్ షోరూంలో ఇన్సెంటివ్‌లతో 19,000. నాకి ఈ పని ఇష్టం, వదల్లేను, అది ఆయనకి కూడా తెలుసు, అదే చిక్కు. ఎంత అడిగితే న్యాయం? ఎట్ల అడగాల? కమీషన్ మీద చేసేవాళ్ళు ఎవురైనా ఉండారా?

అంగడోడు (చిత్తూరు):

తమ్ముడూ, నేను జీతం ఇచ్చే పక్క ఉండేవాడిని, మాట రొంత చేదుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. చిత్తూరులో చేపలు, బడ్జీలు, కాక్‌టెయిల్స్ (ఇవి రెండూ పంజరంలో పెంచే పక్షులు), కుక్కల మేత పెట్టుకొని ఉండా.

ముందు నా లెక్క చెప్తా. బాడుగ 12,000. మోటార్లు రాత్రింబగళ్ళు తిరగాల, మీటరు కమర్షియల్, ఎండాకాలం అయితే ఫ్యాన్లు కూడా పెట్టాల. ఒక హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ (ట్యాంకు అంచుకి తగిలించేది) నాకి పడేదే 480, ఆన్‌లైన్లో 510కి ఇంటి తలుపు కాడికి తెచ్చిస్తారు, నేను 550 చెప్తే ఫోన్ తీసి నాకే చూపిస్తారు. కుక్కల మేత బస్తాలో 18 శాతం జీఎస్టీ పోగా మిగిలేది ఎత్తి దించిన కూలి. ఇంగ మాకి వేలూరు అరగంట, ముప్పావు గంట, ఆదివారం అయితే బండి వేసుకొని ఆడికే పోతారు. కాబట్టి మీ ఓనర్ మార్జిన్ లేదంటా ఉండాడే, సామాన్ల వరకూ అది నిజమే.

అయితే చేపల్లో మార్జిన్ ఉండాది. పది రూపాయలకి వచ్చిన చేప ముప్పైకి పోతాది. కాకపోతే బతికి ఉంటే! వంద తెచ్చి నలభై చస్తే మిగిలిన అరవైలోనే ఆ నలభై అసలు, ట్రాన్స్‌పోర్టు అన్నీ రావాల. అదే నీలాంటోడు ఉండి పది చస్తే, ఆ ముప్పై చేపలు ఒక్కోటి ముప్పై రూపాయల లెక్కన తొమ్మిది వందలు, ఒక్క లోడులో ఒక్క రకానికి. ఏంజెల్, డిస్కస్ లాంటి ఖరీదు చేపలు అయితే ఈ లెక్క వేలల్లోకి పోతాది. ఈ దుడ్లు యాడా బిల్లులో కనపడవు. కనపడవు కాబట్టే మీ ఓనర్ కొళత్తూరోళ్ళకి పేరు ఇచ్చేసినాడు.

అందుకని మొదట ఒక నోటుబుక్కు పెట్టు. లోడు తేదీ, ఏ రకం ఎన్ని వచ్చినాయి, వారం లోపల ఎన్ని పోయినాయి, కొన్న రేటు. రెండు మూడు లోడ్లు రాయి. పాత లోడ్ల బిల్లులు ఎట్లాగూ ఆయన దగ్గర ఉంటాయి, ఎన్ని అమ్మినాడో లెక్క తీస్తే ఎన్ని పోయినాయో తెలిసిపోతాది.

పదివేలకి పిల్లోడు వస్తాడు అనే మాట మా పక్క అంగడాయన కూడా అన్నాడు. తెలిసినోడు మానేసినాక పెట్టుకున్నాడు కూడా. ఆ పిల్లోడు పాపం బాగా పని చేస్తాడు, నీట్‌గా ఉండాలని ఫిల్టర్ స్పాంజీలన్నీ కొళాయి కింద పెట్టి తెల్లగా పిండినాడు. క్లోరిన్ నీళ్ళు కదా, ఉన్న బ్యాక్టీరియా అంతా పోయింది, రెండు మూడు రోజులకి వరస పెట్టి ట్యాంకులు మబ్బు పట్టినాయి. ఎన్ని వేలు పోయిందో ఆయన చెప్పలేదు గానీ వారం దినాలు అంగడి మొహాన నవ్వు లేదు. ట్యాంకు నీళ్ళలోనే స్పాంజి పిండాల అనేది ఒక్క మాట. ఆ ఒక్క మాట తెలిసినోడికీ తెలియనోడికీ జీతంలో తేడా నెలకి నాలుగు వేలు.

నా కాడ ఉండే అబ్బాయికి 15,000 ఇస్తా, ట్యాంకు సెటప్‌కి ఇంటికి పోతే ఆ కూలిలో సగం వాడిది, నెలవారీ క్లీనింగులో కూడా సగం. సీజన్లో 20,000 దాటతాది. జీతం 20,000 చెయ్యి అంటే నేనూ ఎగిరి పడతాను, నిజం చెప్తా ఉండా, ఎందుకంటే జూన్‌లో బడి ఫీజులప్పుడు అంగట్లో ఈగలు తోలుకుంటా ఉంటాం. వచ్చినదాంట్లో సగం అంటే నాకి భయం లేదు.

మిట్టూరు_అక్క:

మా పిల్లలకి గోల్డ్‌ఫిష్ కావాలని గాజు బౌల్ కొందామని పోతే అంగట్లో అబ్బాయి బౌల్ ఇవ్వనన్నాడు. గోల్డ్‌ఫిష్ జానెడు పెరుగుతాది మేడమ్, శానా మురికి చేస్తాది, బౌల్లో నెల కూడా ఉండదు, మీకి అంత జాగా లేకపోతే ఒక బెట్టా చేప తీసుకోండి మూత ఉండే చిన్న ట్యాంకులో అన్నాడు. అరగంట నిలబడి చెప్పినాడు. అయిన బిల్లు చూస్తే నాకే అయ్యో అనిపించింది. దానికి తోడు మా ఆయన హీటర్ ఫోటో తీసుకొని ఇంటికి వచ్చి ఆన్‌లైన్లో బుక్ చేసినాడు, వంద రూపాయలు తక్కువని, నాకి ఆ అబ్బాయి ముందరికి మళ్ళీ పోవాలంటే సిగ్గు.

నేను అడిగేది ఒకటే, మీరు ఎందుకు రేటు చెప్పరు? ఆర్వో ఫిల్టర్ రిపేర్‌కి వచ్చేవాడు మూత విప్పితేనే 300 అంటాడు, మేం ఇస్తా లేమా? ఇంటికి వచ్చి ట్యాంకు చూసి నీళ్ళు టెస్ట్ చేసి చెప్పేదానికి 300 అని అంగట్లో ఒక బోర్డు పెట్టండి. సామాన్లు మా కాడే కొంటే ఆ 300 బిల్లులో తగ్గిస్తాం అనండి. మా ఆయన లాంటోళ్ళు కూడా అప్పుడు ఆన్‌లైన్లో చూడరు.

ఖాళీ_బుర్ర:

సలహాకి కూడా దుడ్లు అంటే ఎట్ల అక్కా. యూట్యూబ్‌లో అన్నీ ఉండాయి, నేను అంతా చూసే నేర్చుకున్నా, చేపల అంగడికి పోయేది చేపలు కొనేదానికి, క్లాస్ వినేదానికి కాదు. తమ్ముడు మంచోడే గానీ ఇది డిగ్రీ చదివే సబ్జెక్టు ఏం కాదు కదా, ఎక్కువ ఊహించుకోకూడదు.

ట్యాంకు_పిచ్చోడు:

అన్నా కోపం లేదు, నేను కూడా సగం యూట్యూబ్‌లోనే నేర్చుకున్నా. కాకపోతే ఆ వీడియో చేసేవాడి నీళ్ళు వేరు, మన నీళ్ళు వేరు. మన ఊర్లోనే చూడండి, కార్పొరేషన్ కొళాయిలో కల్యాణి డ్యామ్ నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు, వాటిలో క్లోరిన్. అపార్ట్‌మెంట్లలో అయితే బోరు. ఒకే వీధిలో ఒక ఇంట్లో టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచేది) పెడితే 300 చూపిస్తాది, పక్కింట్లో 900. ఆ 900 నీళ్ళలో గప్పీలు, మోలీలు జోరుగా పిల్లలు పెడతాయి, అదే నీళ్ళలో కార్డినల్ టెట్రా వేస్తే ఒక్కోటీ నీరసపడి పోతాది. వీడియో చూసి డిస్కస్ కొంటానని వచ్చినాయన్ని మీ ఇంట్లో ఏం నీళ్ళు సార్ అని అడిగితే "నీళ్ళంటే నీళ్ళే కదప్పా" అన్నాడు.

మే నెల సంగతి ఇంకోటి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తాది, మన ఎండలకి ట్యాంకు నీళ్ళు 32, 33 డిగ్రీలు పోతాయి, కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగిపోతాది, పొద్దునకి పెద్ద చేపలు ముందు పోతాయి. ఎండాకాలంలో రాత్రి పదిన్నరకి ఫోన్లు నాకే వస్తాయి, ఓనర్‌కి కాదు. చిన్న మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తా ఉండండి, మేత ఆపండి, ట్యాంకు మీద ఫ్యాన్ తిప్పండి, ఐస్ ముక్కలు మాత్రం నేరుగా వెయ్యొద్దు అని చెప్తా. ఆ టైమ్‌కి యూట్యూబ్ వెతికే ఓపిక ఎవురికీ ఉండదన్నా.

గ్లాసు_తుడిచేవాడు (ఎం.ఆర్.పల్లి):

నీ పోస్ట్ చదువుతా ఉంటే నన్నే చూసుకున్నట్టు ఉంది తమ్ముడూ, నేనూ అంగట్లో పని చేసి బయటికి వచ్చినోడినే. ఇప్పుడు అంగడి లేదు, బాడుగ లేదు, బండి మీద బకెట్, పైపు, స్క్రేపర్, టెస్ట్ కిట్, అంతే. తిరుపతిలో లాడ్జీలు, హోటళ్ళు, ప్రైవేటు ఆసుపత్రులు ఎన్ని ఉండాయో లెక్క పెట్టు, రిసెప్షన్లో ట్యాంకు పెట్టినోళ్ళు వాళ్ళలో శానా మంది ఉండారు, దాన్ని చూసుకునే మనిషి మాత్రం ఉండడు. వాచ్‌మన్ మేత వేస్తాడు, రూమ్ బాయ్ మేత వేస్తాడు, యాత్రికుల పిల్లకాయలు బిస్కెట్ వేస్తారు. వాస్తు అని అరవానా చేపని పెట్టి దానికి మూత పెట్టకుండా అది ఎగిరి కింద పడి చచ్చినాక నన్ను పిలిచినోళ్ళు ఉండారు.

నా రేట్లు దాచేదేం లేదు. ఇంట్లో మూడడుగుల ట్యాంకుకి నెలకి రెండు సార్లు పోతే 900. హోటల్లో ఐదారడుగులది 2,500 నించి. ప్లాంటెడ్ ట్యాంకు (లోపల మొక్కలు పెంచేది) అయితే ఇంకా ఎక్కువ, దాంట్లో కత్తిరించేది, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చూసేది, పాచి రాకుండా లైట్ టైమింగ్ పెట్టేది ఉంటాది, అది తెలిసినోళ్ళు తక్కువ. పెట్రోల్, మందులు పోగా నీ 14,000 కంటే ఎక్కువే మిగుల్తాది. కానీ మొదటి ఏడు అట్లా ఉండదు, నెల నెలా దుడ్లు ఇచ్చేవాళ్ళు దొరికేదాకా అప్పులే. అదీకాక నడుము. ఆరడుగుల ట్యాంకులోకి వంగి రాళ్ళు తీసి కడిగితే సాయంత్రానికి తెలుస్తాది.

ఒక మాట గట్టిగా చెప్తా. అంగట్లో జీతం తీసుకుంటా ఉండి ఆ అంగడి కస్టమర్లకే దొంగతనంగా సొంత సర్వీసు చెయ్యొద్దు. శానా మంది చేస్తారు, నాకి తెలుసు. ఈ ఊర్లో అది వారం తిరక్కముందే బయట పడతాది, దాని తర్వాత ఏ హోల్‌సేలోడూ నీకి క్రెడిట్ మీద మాల్ ఇవ్వడు. ఓనర్‌తో చెప్పే చెయ్యి. "అంగడి పేరు మీద సర్వీసు మొదలు పెడదాం, మనిషిని నేను, పేరు నీది, వచ్చినదాంట్లో ఇంత నాది" అను. అంగడోడన్న చెప్పిన సగం సగం బాగుంది గానీ నేనైతే 60 అడుగుతా. బట్టలు తడిసేది నీవి, రాత్రి ఫోన్ ఎత్తేది నువ్వు.

అంగడోడు (చిత్తూరు):

60 అంట! మందులు ఎవురివి, ఫిల్టర్ లోపల వేసే మీడియా ఎవురిది, కస్టమర్ వచ్చింది ఎవురి బోర్డు చూసి? ఖర్చు పోగా మిగిలినదాంట్లో అయితే 60 గురించి మాట్లాడొచ్చు. మొత్తం బిల్లు మీద అయితే నేను ఒప్పుకోను.

గ్లాసు_తుడిచేవాడు (ఎం.ఆర్.పల్లి):

సరేన్నా, ఖర్చు పోగా మిగిలినదాంట్లోనే. ముందే చెప్పుంటే గొడవే లేదు.

చట్టం_చెప్తా:

అందరూ కమీషన్ దగ్గరే ఆగిపోయారు, జీతానికి కింది హద్దు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కనీస వేతనం అనేది ఒకటుంది. వేతనాల కోడ్ 2019లో పాసయింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ఫలానా ఫలానా పనులకే కనీస వేతనం అని జాబితా ఉండేది, ఇప్పుడు ఆ జాబితాతో పని లేకుండా ఉద్యోగులందరికీ వర్తిస్తుంది, అంగట్లో ఒక్కడే పని చేస్తున్నా సరే. రేట్లు పెట్టేటప్పుడు అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని నైపుణ్యాన్ని చూడాలని కూడా ఆ చట్టంలోనే రాసి ఉంది. నీ విషయంలో అసలు గొడవ ఇక్కడే ఉంది తమ్ముడూ. నిన్ను సేల్స్‌మన్ అని రాసుకున్నంత కాలం సేల్స్‌మన్ లెక్కే. క్వారంటైన్, నీళ్ళ టెస్టింగ్, ట్యాంకు సెటప్ ఇవన్నీ నీ పని అని ఒక కాగితం మీద ఉంటే మాట వేరేగా ఉంటుంది. జిల్లా లేబర్ ఆఫీసులో ఇప్పుడు నడుస్తున్న రేట్ల కాగితం అడుగు, కరువు భత్యం కలిపి ఎంతో చూసుకో.

ఇంకో లెక్క. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది అంటే పదకొండున్నర గంటలు, భోజనానికి గంట తీసినా పదిన్నర. 14,000ని 26 రోజులకి పంచితే రోజుకి 538, గంటకి 51 రూపాయలు. ఆదివారం లేటుగా మూసేది, రాత్రి ఫోన్లు దీంట్లో కలపలేదు. మామూలు పని గంటలు దాటి చేయిస్తే రెట్టింపు రేటు కట్టాలి. జీతం స్లిప్పు ఇవ్వాలి, నెల జీతం తరువాతి నెల 7వ తేదీ లోపు పడాలి, మానేస్తే రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. పీఎఫ్, ఈఎస్ఐ మాత్రం ఆశ పెట్టుకోకు, ఇద్దరు ముగ్గురు పని చేసే అంగడికి అవి రావు, పీఎఫ్‌కి 20 మంది, ఈఎస్ఐకి 10 మంది ఉండాలి.

"మానేసినాక ఈ ఊర్లో చేపల పని చెయ్యకూడదు" అని ఎవరైనా బాండ్ రాయించుకుంటే భయపడొద్దు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఒకడి వ్యాపారాన్నీ వృత్తినీ అడ్డుకునే ఒప్పందం చెల్లదు. పనిలో ఉండగా అదే ఊర్లో పోటీ వ్యాపారం చెయ్యటం మాత్రం వేరే సంగతి, పైన అన్న చెప్పింది నిజం.

లేబర్ ఆఫీసుకి పొమ్మని నేను అనటం లేదు. ఇద్దరు ముగ్గురు ఉండే అంగట్లో కంప్లైంట్ ఇస్తే ఉద్యోగం అక్కడితో సరి. లెక్క తెలిసి మాట్లాడితే గొంతు మారుతుంది, దానికోసం చెప్పాను.

పశువైద్యం (తిరుపతి):

వెటర్నరీ కాలేజీ పక్క నుంచి ఒక మాట. తమ్ముడి పోస్ట్ చదివి నిజంగా సంతోషం వేసింది, ఆ కవరు నీళ్ళ సంగతి అంత బాగా చెప్పిన వాళ్ళు తక్కువ. కానీ "తెలిసినోడు" అనే పేరు మీద అంగళ్ళలో జరిగేది ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మనుషుల డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ విప్పి ట్యాంకులో కలపమని చెప్పేవాళ్ళు ఉన్నారు. రోగం ఏంటో తెలియదు, డోసు తెలియదు, చాలాసార్లు అసలు రోగమే ఉండదు, అమ్మోనియా ఎక్కువై చేప గిలగిల్లాడుతుంది అంతే. యాంటీబయాటిక్ పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా పోవచ్చు, ఉన్న కష్టం రెట్టింపు. నీళ్ళు మార్చండి, ఉప్పు వేయండి, వైట్ స్పాట్ అయితే వేడి కొంచెం పెంచండి, ఇంతవరకు అంగడి మనిషి చెప్పొచ్చు. దాని పైన మా దగ్గరికి పంపాలి. ఎక్కడ ఆపాలో తెలిసినవాడికే నేను ఎక్కువ జీతం ఇస్తాను, నా చేతిలో ఉంటే.

పక్షుల అంగళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. కాక్‌టెయిల్ పిల్లలకి చేత్తో మేత పెట్టేటప్పుడు ఆ జావ దాదాపు 40 డిగ్రీలు ఉండాలి, చల్లారితే గొంతు సంచిలో అరగక పులుస్తుంది, వేడెక్కితే ఆ సంచి కాలి కొన్ని రోజులకి చిల్లు పడుతుంది. థర్మామీటర్ లేకుండా మోచేతి మీద చుక్క వేసుకొని చూసే అంగళ్ళు ఎన్నో.

చట్టం తెలియటం కూడా నైపుణ్యమే, దాని విలువ ఓనర్లకి పట్టుబడినప్పుడే తెలుస్తుంది. మన మదనపల్లె పక్క నక్షత్ర తాబేళ్ళు పట్టి అమ్మేవాళ్ళు ఉంటారు, రామచిలకలు, మునియాలు పంజరాల్లో తెచ్చేవాళ్ళు ఉంటారు, ఇవన్నీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరాలు. నక్షత్ర తాబేలు అయితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. బడ్జీలు, కాక్‌టెయిల్స్ పర్వాలేదు. పక్షులు, కుక్కలు, కుందేళ్ళు అమ్మే అంగడి 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అవ్వాలి, ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు. "తాబేలు తెప్పించగలరా, ఇంటికి మంచిదంట" అని అడిగే వాళ్ళకి వద్దు అని చెప్పి పంపించే మనిషి కౌంటర్‌లో ఉంటే ఆ ఓనర్ హాయిగా నిద్రపోవచ్చు. పదివేల పిల్లాడు ఫోన్ నంబర్ రాసుకుంటాడు.

ఖాళీ_బుర్ర:

తాబేలుకి ఏడేళ్ళా?? మా ఓనర్ ఇంట్లో ఉండాది.

పశువైద్యం (తిరుపతి):

నక్షత్ర తాబేలే అయితే ఫారెస్ట్ వాళ్ళకి అప్పజెప్పమని చెప్పండి. ఇక్కడ ఫోటో పెట్టొద్దు.

ట్యాంకు_పిచ్చోడు:

లేటుగా రాస్తా ఉండా, వినాయక చవితి రష్షు అయినాక కానీ మాట్లాడే టైమ్ దొరకలా. అంగడోడన్న చెప్పినట్టు నోటుబుక్కు రాసినా, పాత లోడ్ల బిల్లులు వదినమ్మ ఇచ్చింది (ఓనర్ వాళ్ళ ఆవిడ, లెక్కలన్నీ ఆమే చూస్తాది). నాకి తెలియని సంగతి ఒకటి బయట పడింది, చేపల్లో చచ్చినవాటి నష్టం ఎక్కువ గప్పీల్లో ఉంటాది అనుకున్నా, కాదు, ఏంజెల్స్‌లో. ఎన్ని చచ్చినాయి అని కాకుండా ఎంత దుడ్లు చచ్చింది అని చూస్తే వరస మొత్తం మారిపోయింది.

ఓనర్ ముందు నోటుబుక్కు ముట్టుకోలా. "లెక్కలు రాసి నన్ను బెదిరిస్తా ఉండావా" అన్నాడు. నేను గమ్మున ఉన్నా. వదినమ్మ పేజీలు తిప్పి తిప్పి చూసి, "కొళత్తూరు నించి మంచి మాల్ వస్తా ఉండాదని నాకి చెప్తా ఉంటివే, రేటేమో అదే ఇస్తా ఉండావు, వాళ్ళు ఊరికే మంచి మాల్ పంపిస్తారా" అని ఆయన్నే అడిగింది.

ఇప్పటికి తేలింది ఇది. జీతం 16,500. ఇంటికి పోయే సర్వీసు అంగడి పేరు మీద మొదలు పెడతాం, ఖర్చు పోగా సగం నాది (60 అడిగినా, నవ్వినాడు). ఇంటికి వచ్చి చూసేదానికి 250 బోర్డు పెట్టినాం, సామాన్లు కొంటే తగ్గిస్తాం, మిట్టూరు అక్కకి థ్యాంక్స్. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్లు సర్వీసు కట్టినోళ్ళకే. వారం సెలవు మాత్రం ఒప్పుకోలా, మంగళవారం పూర్తిగా ఇమ్మంటే "చూద్దాం" అన్నాడు. కాగితం మీద రాసిమ్మంటే "మన మధ్య కాగితం ఏందిరా" అన్నాడు.

ఇంకోటి అడగాల. పుత్తూరులో ఒక కల్యాణ మండపంవాళ్ళు ఎనిమిదడుగుల ట్యాంకు పెట్టాలంటారు. అంత పెద్దది నేను ఎప్పుడూ పెట్టలా, గాజు ఎంత మందం, స్టాండుకి ఎంత బరువు లెక్క కట్టాల, కూలి ఎంత చెప్పాల?

గ్లాసు_తుడిచేవాడు (ఎం.ఆర్.పల్లి):

ఎనిమిదడుగుల పొడుగు, రెండు వెడల్పు, రెండు ఎత్తు అంటే తొమ్మిది వందల లీటర్లు దగ్గర దగ్గర, నీళ్ళే తొమ్మిది వందల కిలోలు, గాజు, రాళ్ళు, స్టాండు కలిపితే టన్ను దాటుతాది. మొదటి అంతస్తులో పెడతామంటే ఇంజనీరుని అడక్కుండా చెయ్యి పెట్టొద్దు. కింద అయితే నేను వస్తా, గాజు మందం ఆడికి వచ్చి కొలిచి చెప్తా, ఇద్దరం కలిసి పెడదాం, కూలి చెరి సగం. మీ ఓనర్‌కి ముందే చెప్పు. ఈసారి వాట్సాప్‌లో అయినా రాయించుకో, "సరే" అని ఆయన ఒక్క మెసేజ్ పెట్టినా చాలు.

చట్టం_చెప్తా:

ఆ "సరే"కి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. సెలవు సంగతి వదలొద్దు, వచ్చే నెల మళ్ళీ అడుగు, వదినమ్మ ఉన్నప్పుడు.